యంత్రదోషం నుండి నాదగుణానికి: ఇంటి కంప్యూటర్‌లో గిటార్ ధ్వని పరిణామం

కీలకపదాలు: ఎలక్ట్రిక్ గిటార్, డిస్టార్షన్, మిడి, స్పీకర్, గమకం

1. ఉపోద్ఘాతం

ఒక కంప్యూటర్, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే నేడు చిన్న గదిలోనే గిటార్ సంగీతాన్ని రికార్డు చేయవచ్చు. అలా రూపొందిన ధ్వనిని శ్రోత "సహజంగా ఉంది" అని మెచ్చుకున్నప్పుడు, ఆ సహజత్వం దేనికి చెందినది? తీగకా, యంత్రానికా, వాదకుని చేతికా? ఈ ప్రశ్న ఆధారంగా కంప్యూటర్ గిటార్ ధ్వని పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. దోషం గుణమైన తీరు

ఎలక్ట్రిక్ గిటార్‌లో పికప్ తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఆ సంకేతం ఆంప్లిఫైయర్ మీదుగా స్పీకర్‌ను చేరాకనే శ్రోతకు పరిచితమైన నాదం పుడుతుంది. ఈ ప్రయాణంలో ధ్వని చెదరడాన్ని, అంటే డిస్టార్షన్‌ను, తొలినాటి ఇంజనీర్లు దోషంగానే భావించారు. 1961లో విడుదలైన మార్టీ రాబిన్స్ పాట 'డోంట్ వర్రీ'లో, రికార్డింగ్ పరికరంలోని లోపంవల్ల గ్రేడీ మార్టిన్ వాయించిన భాగం బొంగురుగా వినిపించింది. అటువంటి ధ్వనిని కోరి పుట్టించే 'ఫజ్-టోన్' అనే పరికరం 1962లో వచ్చింది. 1964లో కింక్స్ బృందం పాట 'యు రియల్లీ గాట్ మీ' కోసం డేవ్ డేవిస్ తన స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో కోశాడు. యాదృచ్ఛికంగా దొరికిన ధ్వని కొద్ది ఏళ్ళలోనే కళాకారుని ఎంపికగా మారింది.

3. తీగకు గణితరూపం

1983లో కెవిన్ కార్‌ప్లస్, అలెగ్జాండర్ స్ట్రాంగ్ మీటిన తీగ ధ్వనిని పుట్టించే సులభ గణనపద్ధతిని ప్రచురించారు. క్షణకాలపు రొదను ఒక ఆవృత్తంలో తిప్పుతూ, ప్రతి చుట్టులోనూ పక్కపక్క విలువల సగటు తీసుకుంటే, ఆ రొద క్రమంగా తీగనాదంగా మారి సన్నగిల్లుతుంది. అదే ఏడాది వెలువడిన మిడి ప్రమాణం వాయిద్యాన్నీ కంప్యూటర్‌నూ కలిపింది. అయితే మిడి ప్రధానంగా కీబోర్డు నమూనాను అనుసరించింది. మీటు బలాన్ని 1 నుండి 127 వరకు అంకెలతో సూచించగలిగినా, తీగను ఎక్కడ, ఏ కోణంలో మీటారో ఆ అంకె చెప్పదు. పైగా స్వరాన్ని వంచే ఆదేశం ఆ ఛానల్‌లోని స్వరాలన్నింటికీ వర్తిస్తుంది. ఒక్క తీగనే లాగి వాయించే తీరు పలకాలంటే ఒక్కో తీగకు ఒక్కో ఛానల్ కేటాయించాలి. గమకాన్ని ఎరిగిన శ్రోతకు ఈ పరిమితి తేలికగా బోధపడుతుంది: స్వరస్థానాలు సరిగా ఉన్నా వాటి మధ్య నడక లేకపోతే సంగీతం పొడిగా వినిపిస్తుంది.

4. ఆంప్లిఫైయర్, స్పీకర్ల అనుకరణ

తీగనాదం మాత్రమే చాలదని తేలాక దృష్టి పరికరాలవైపు మళ్ళింది. 1996లో వచ్చిన వి.ఎస్.టి. ప్రమాణం సాఫ్ట్‌వేర్ పరికరాలను రికార్డింగ్ ప్రోగ్రాంలో చేర్చే వీలు కల్పించింది. 1998లో లైన్ 6 సంస్థ 'పాడ్' పలు ఆంప్లిఫైయర్ల అనుకరణలను బల్లమీది చిన్న పెట్టెలో అందించింది.

గిటార్ స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్‌లకు పైబడిన ధ్వనిని బాగా తగ్గిస్తుంది. అందుకే స్పీకర్ అనుకరణ లేని డిస్టార్షన్ కందిరీగల రొదలా చెవిని బాధిస్తుంది. స్పీకర్, మైకుల స్పందనను ఒక చిన్న ధ్వనినమూనాగా నమోదు చేసి సంకేతానికి అన్వయించే పద్ధతి ఈ కొరతను చాలావరకు తీర్చింది. మరో చిక్కు కంప్యూటర్‌కే ప్రత్యేకమైనది. సెకనుకు 44,100 నమూనాలు తీసుకునే రికార్డింగులో 22,050 హెర్ట్జ్‌లను దాటిన అనుస్వరాలు కిందికి మడతపడి అపస్వరాలవుతాయి. వీటిని తగ్గించడానికి లోపలి గణనను మరింత ఎక్కువ వేగంతో జరుపుతారు. యంత్రం చేసే ఒక దోషాన్ని అనుకరించడానికి కంప్యూటర్ తన సొంత దోషాన్ని దాచుకోవలసి వస్తోంది.

2020 ప్రాంతంలో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయ పరిశోధకులు, ట్యూబ్ ఆంప్లిఫైయర్ ప్రవర్తనను న్యూరల్ నెట్‌వర్కులు నేర్చుకుని వెనువెంటనే అనుకరించగలవని చూపారు.

5. చేతి జాడ

ఇంత సాధించినా ఒక పాత పద్ధతి నిలిచే ఉంది. ధ్వని విశాలంగా వినిపించడానికి ఒకే భాగాన్ని రెండుసార్లు వాయించి ఎడమ, కుడి వైపుల అమరుస్తారు. ఒకే రికార్డింగు ప్రతిని రెండు వైపులా పెడితే ఆ వైశాల్యం రాదు; ధ్వని నడుమనే నిలుస్తుంది. రెండు వాదనల మధ్య కాలంలోనూ బలంలోనూ ఉండే స్వల్పభేదాలే ఆ విశాలతకు మూలం.

6. ముగింపు

గిటార్ ధ్వనిలో 'సహజత్వం' అనేది ప్రకృతిసిద్ధమైన స్థిరలక్షణం కాదని ఈ పరిణామం తెలుపుతోంది. ఒక తరం దోషమనుకున్నది మరో తరానికి ప్రమాణమైంది. కంప్యూటర్ ఆ ప్రమాణాన్నే అనుకరించింది. పరికరాల దోషాలను నమూనాగా మలచడం సాధ్యమైంది. వాదకుడు రెండోసారి వాయించినప్పుడు కలిగే భేదాన్ని మాత్రం ప్రతి తీయడం ద్వారా పొందలేరు. ఇంటి రికార్డింగులో సహజత్వాన్ని అన్వేషించేవారు పరికరంతోపాటు చేతినీ పరిశీలించవలసి ఉంటుంది.