నలభై మైక్రాన్ల నిగనిగ

కొత్త కారు బేరం కుదిరి, బుకింగ్ సొమ్ము కట్టాక షోరూమ్‌లో ఇంకో కాగితం ముందుకు జరుపుతారు. టెఫ్లాన్ కోటింగ్ ఇంత, సెరామిక్ కోటింగ్ అంత, పీపీఎఫ్ (పెయింట్‌ను కాపాడే పారదర్శకమైన ఫిల్మ్) అయితే ఇదిగో ఇంత. ‘ఇన్ని లక్షలు పోసి కొన్నారు, పెయింట్ దగ్గర వెనకాడతారేంటి సార్’ అన్న మాట దాని వెనకే వస్తుంది. ఆ కాగితంలోని ఒక్కో గడికీ ఒక్కో పుట్టుపూర్వం ఉంది. ఒకటి వంటింటి పెనం మీంచి వచ్చింది, ఒకటి యుద్ధరంగం నుంచి దిగింది. ఆ కథ తెలిసినవాడికి ఎక్కడ సరే అనాలో, ఎక్కడ తల అడ్డంగా ఊపాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

మొదట్లో కార్లకంటూ ప్రత్యేకంగా రంగు లేదు. గుర్రపు బగ్గీలకు వేసే నూనె రంగులే వీటికీ వేశారు. కుంచెతో ఒక పూత పూయడం, ఆరాక ప్యూమిస్ రాయి పొడితో నీళ్లు చిలకరిస్తూ రుద్దడం, మళ్లీ పూయడం. అన్ని పూతలూ అయ్యాక పైన పారదర్శకమైన వార్నిష్. అది ఆరేలోపు దుమ్ము వాలకూడదని గది నేలను తడిపి ఉంచేవారు. ఒక్క కారు బాడీకి ఈ తంతు పూర్తవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టేది. ఇంత చాకిరీ ఎందుకంటే, మెరుపు రంగులో ఉండదు, పైపొర నునుపులో ఉంటుంది. వెలుతురు ఆ పొర మీద పడి చెదరకుండా తిరిగొస్తే నిగనిగ, చెదిరితే మసక. బగ్గీల పెయింటర్లకు ఈ సంగతి చేతుల్లోనే తెలుసు. నూట పాతికేళ్లుగా కారు పెయింట్ మీద జరిగిన ప్రతి ప్రయోగమూ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది.

ఆ వార్నిష్ నునుపును కాపాడుకోవడానికే పాలిష్‌లు పుట్టాయి. ఫ్రాంక్ మెగ్వయర్ 1901లో అమెరికాలోని ఇండియానాలో తయారు చేసింది ఫర్నిచర్ పాలిష్. బగ్గీ చెక్కకు పనికొచ్చింది కారు చెక్కకూ పనికొచ్చింది. అప్పటి కారు బాడీల్లో చెక్క పని ఎక్కువే మరి. 1910లో షికాగోలో సైమనైజ్ అనే పాలిష్ కంపెనీ మొదలైంది. ఈ రెండు పేర్లూ ఇవాళ్టికీ కార్ల సామాను దుకాణాల్లో డబ్బాల మీద కనిపిస్తాయి.

నాలుగు వారాలు ఆరబెట్టే పద్ధతి హెన్రీ ఫోర్డ్ దగ్గర చెల్లలేదు. 1908లో వచ్చిన మోడల్ టీ మొదటి ఏళ్లలో వేరే రంగుల్లో దొరికేది. 1914 నుంచి 1925 దాకా మాత్రం నలుపు ఒక్కటే. తారుజాతి పదార్థంతో చేసి, ఓవెన్‌లో కాల్చి గట్టిపరిచే జపాన్ బ్లాక్ అనే ఆ పూత చవక, మన్నిక కూడా. కానీ జనానికి రంగులు కావాలి. ఆ సంగతి కనిపెట్టింది జనరల్ మోటార్స్ అధిపతి ఆల్ఫ్రెడ్ స్లోన్.

ఇక్కడ కథ పేలుడు పదార్థాల కొట్టులోకి వెళ్తుంది. తుపాకి మందుకు వాడే నైట్రోసెల్యులోజ్‌ను మొదటి ప్రపంచ యుద్ధంలో డ్యూపాంట్ కంపెనీ టన్నులకొద్దీ తయారు చేసింది. యుద్ధం అయిపోయింది. 1920 జులై 4న ఆ కంపెనీ ప్రయోగశాలలో కంటబడిన ఒక రసాయన చర్యే త్వరగా ఆరే కొత్త లాకర్ పూతకు దారి తీసిందని స్లోన్ తన జ్ఞాపకాల్లో రాశాడు. జనరల్ మోటార్స్ ఇంజినీరు చార్లెస్ కెటరింగ్ వెంటపడి దాన్ని కార్లకు పనికొచ్చేలా చేయించాడు. అదే డ్యూకో. 1924 మోడల్ ఓక్లాండ్ కారు ఈ పూతను నీలి రంగులో వేసుకుని 1923లో జనం ముందుకొచ్చింది. వారాల పని రోజుల్లోకి, ఆ తర్వాత గంటల్లోకి దిగింది.

కుంచె పెడితే గీత లాగేలోపే ఆరిపోయేంత తొందర డ్యూకోది. అందుకని చిమ్మాల్సి వచ్చింది. ఒహాయోలోని టొలీడోలో అలెన్ డివిల్బిస్ అనే గొంతు వైద్యుడు 1880ల చివర్లో రోగుల గొంతులోకి మందు చిమ్మడానికి ఒక పరికరం చేశాడు. ఆయన కొడుకు థామస్ దాన్నే పెంచి 1907లో పెయింట్ చిమ్మే గన్ చేశాడు. ఇవాళ మన డెంటింగ్, పెయింటింగ్ షెడ్డుల్లో సర్రుమనే స్ప్రే గన్ మూలం ఒక డాక్టరు సంచిలో ఉంది. ఇక డ్యూకో పేరేమో మన వడ్రంగుల దగ్గర నిలిచిపోయింది. వార్డ్‌రోబ్‌కు ‘డ్యూకో వేయిద్దామా’ అని అడిగే మేస్త్రీకి అది ఒకప్పుడు కార్ల కోసం పుట్టిన పేరని తెలిసి ఉండకపోవచ్చు.

డ్యూకోకు ఒక లోపం ఉంది. చిమ్మి వదిలేస్తే మెరవదు, రుద్దాలి. రుద్ది మెరిపించినా ఎండకు కొన్నాళ్లకే సుద్ద పట్టినట్టు వెలిసిపోతుంది. వార్నిష్ రోజుల్లో మెరుపు పూచీ కారు చేసినవాడిది. డ్యూకోతో ఆ పూచీ కొన్నవాడి నెత్తిన పడింది. డ్యూపాంట్ తానే డ్యూకో పాలిష్ కూడా సీసాల్లో అమ్మింది. జబ్బూ వాళ్లదే, మందూ వాళ్లదే అన్నమాట.

సుద్దను పాలిష్ గోకేస్తుంది. గోకాక బయటపడ్డ కొత్త పెయింట్‌కు కాపలా కావాలి కదా, దానికి మైనం. ఈశాన్య బ్రెజిల్‌లో కర్నాబా అనే తాటిజాతి చెట్టు ఉంది. అక్కడి ఎండలకు నీరు ఆవిరైపోకుండా తన ఆకులకు తానే మైనం పూసుకుంటుంది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపితే ఆ మైనం పొడిగా రాలుతుంది. మైనాల్లో ఇంత గట్టిది అరుదు, 80 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ కరగదు. జాన్సన్ వ్యాక్స్ కంపెనీ యజమాని హెచ్.ఎఫ్. జాన్సన్ 1935లో ఈ చెట్ల కోసమే నీటి మీదా నేల మీదా దిగగల సికోర్స్కీ విమానంలో విస్కాన్సిన్ నుంచి బ్రెజిల్ దాకా ఎగిరి వెళ్లాడు. వ్యాక్స్ అందం వ్యాక్స్‌దే, నేనేమీ కాదనను. అయితే మన మే నెల ఎండలో నిలబెట్టిన నల్ల కారు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, అది వారాల్లో ఎందుకు మాయమవుతుందో తెలుస్తుంది.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని తుడిచినవాళ్లకు ఒక విషయం గుర్తుండాలి. పాలిష్ పెట్టి రుద్దితే గుడ్డకు కారు రంగు అంటేది. తెల్ల కారుకు తెల్లగా, ఎర్ర కారుకు ఎర్రగా. రంగు, మెరుపు రెండూ ఒకే పూతలో ఉండేవి కనుక రుద్దినప్పుడల్లా రంగే పోయేది. ఇప్పటి కారును రుద్దితే గుడ్డకు రంగు అంటదు. కారణం మెటాలిక్ రంగులు. వాటిలో మెరిసేవి సన్నని అల్యూమినియం రేకులు. గాలికీ వానకూ అవి నల్లబడుతుంటే, వాటిని కప్పడానికి రంగు మీద పారదర్శకమైన పొర వేయడం మొదలుపెట్టారు. 1980లకు అది మామూలైపోయింది, మెటాలిక్ కాని రంగులకూ పాకింది. బగ్గీ వార్నిష్ చుట్టు తిరిగి క్లియర్‌కోట్ పేరుతో వచ్చిందన్నా తప్పులేదు.

ఇప్పుడు మన ఇంటి ముందున్న కారు దగ్గరికి వద్దాం. రేకు మీద తుప్పు ఆపే పూత, దాని మీద ప్రైమర్, రంగు, క్లియర్‌కోట్. అన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల లోపే. అందులో క్లియర్‌కోట్ వాటా నలభై మైక్రాన్లు, అటూ ఇటూగా. తలవెంట్రుక మందం కన్నా తక్కువ. మీరు కొన్న నిగనిగ మొత్తం అంతే.

నల్ల కారును ఎండలో నిలబెట్టి చూస్తే సూర్యుడి చుట్టూ సాలెగూడులా గుండ్రటి గీతలు కనిపిస్తాయి. నిజానికి అవి గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులకూ గీసుకుపోయిన సన్నని గీతలవి. వెలుతురుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కనుక వెలుగు చుట్టూ వలయాల్లా కనిపిస్తాయి. తల కదిపితే వలయమూ మీతో కదులుతుంది. అవి ఎలా పడతాయంటే, పొద్దున్నే ఒకే బకెట్ నీళ్లతో, ఒకే గుడ్డతో అపార్ట్‌మెంట్‌లోని పది కార్లు తుడిచే పద్ధతి వల్ల. నెలకు వాళ్ల చేతిలో పెట్టే డబ్బుకు అంతకన్నా ఏం ఆశిస్తాం గనక! పొడి డస్టరుతో ప్రేమగా దుమ్ము దులిపే యజమాని కూడా అదే పని చేస్తున్నాడు, దుమ్ములో ఇసుక ఉందని మరిచిపోయి.

ఈ గీతలు తీయడాన్నే పెయింట్ కరెక్షన్ అంటున్నారు, పాత పేరు రబ్బింగ్. పేరు మారింది గానీ పని అదే. గుంతల రోడ్డును సరిచేయడానికి గుంతలు పూడ్చకుండా, మిగతా రోడ్డంతా గుంత అడుగు దాకా చెక్కేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. రబ్బింగ్ కాంపౌండ్‌లోని అల్యూమినా రేణువులు క్లియర్‌కోట్‌ను కోస్తాయి. గీత ఉన్నచోట నింపేదేమీ లేదు, చుట్టూ ఉన్నది తగ్గుతుందంతే. గట్టిగా ఒకసారి చేస్తే కొన్ని మైక్రాన్లు పోతాయి. ఒకే దిక్కుకు తిరిగే పాత రోటరీ మెషిన్ సరిగా పట్టకపోతే వేడెక్కి అంచుల దగ్గర పొరను తినేస్తుంది, కొత్త మసక గీతలు మిగులుస్తుంది. తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ మెషిన్లు వచ్చాక ఆ ప్రమాదం చాలా తగ్గింది. మంచి పనివాడు ముందు మందం కొలిచే మీటరు పెట్టి చూస్తాడు. ఆ మీటరు రేకు మీదే పనిచేస్తుంది, ప్లాస్టిక్ బంపర్ మీద మామూలు మీటరు ఏమీ చెప్పదు.

కొత్త కారే కదా, దానికి కరెక్షన్ ఏమిటని అడగొచ్చు. కారు ఫ్యాక్టరీ నుంచి షోరూమ్‌కు గాలిలో ఎగిరి రాదు. దారిలో రైలు పట్టాల దగ్గర రేగే సన్నని ఇనుప రజను పెయింట్‌లో గుచ్చుకుని, తడికి తుప్పు చుక్కలవుతుంది. జపాన్‌లో దీనికి విరుగుడుగా జిగురు మట్టిలాంటి క్లే కనిపెట్టారు. తడి పెయింట్ మీద జారిస్తే పొర కోయకుండా రజనును లాగేస్తుంది. టాడావో కొడాటే పేరున దానికి అమెరికా పేటెంట్ 1995లో వచ్చింది. ఈ మొత్తం చరిత్రలో ఇంత తెలివైన, ఇంత చవకైన వస్తువు ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ఇక షోరూమ్ కాగితంలోని గడులు. టెఫ్లాన్‌ను 1938లో డ్యూపాంట్‌లో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనుక్కున్నాడు. అది కరిగేది 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర. పెనానికి అంత వేడిలో కాల్చి అంటిస్తారు. కారును అలా కాల్చలేం కదా! సీసాలోంచి గుడ్డతో పూసే టెఫ్లాన్ కోటింగ్‌కు పెనం మీది టెఫ్లాన్ గుణం ఆశించకండి.

సెరామిక్ కోటింగ్ కాస్త మెరుగు. సిలికా ఆధారంగా గట్టిపడే సన్నని పొర అది. నీళ్లు ముత్యాల్లా జారతాయి, మురికి తేలిగ్గా వదులుతుంది, పక్షి రెట్టలోని ఆమ్లానికి కొంత అడ్డు నిలుస్తుంది. కానీ ‘9హెచ్ గట్టిదనం’ చూసి వజ్రం అనుకోవద్దు. అది పెన్సిల్ పరీక్ష. రకరకాల గట్టిదనం ఉన్న పెన్సిల్ ములుకులతో గీసి చూసే కొలత. పెన్సిల్‌ను తట్టుకున్నంత మాత్రాన ఇసుకను తట్టుకోదు. బోరు నీళ్ల మరకలనూ ఆపదు. నీటి ముత్యం ఎండకు అక్కడే ఆరిపోతే, అందులోని సున్నం గుండ్రటి మచ్చగా మిగులుతుంది.

పీపీఎఫ్ కథ వియత్నాం యుద్ధంలో మొదలైంది. హెలికాప్టర్ రెక్కల అంచులను ఇసుక తినేస్తుంటే 3ఎం కంపెనీ వాటికి యూరిథేన్ పొర అంటించింది. తర్వాత రేసు కార్ల ముక్కులకు, ఆ తర్వాత మన బానెట్లకు వచ్చింది. హైవే మీద టిప్పరు టైరు విసిరే రాయిని నిజంగా ఆపేది ఇదొక్కటే. ఖరీదూ అలాగే ఉంటుంది. రోజూ హైవే మీద తిరిగేవాళ్లకు ముందు భాగం వరకు వేయిస్తే చాలు, ఊళ్లో తిరిగే కారుకు ఒళ్లంతా కప్పడం దండగ.

మరి మన పద్ధతులు? తాడ్‌బండ్ హనుమంతుడి గుడి ముందో, ఊరి అమ్మవారి గుడి ముందో పూజ చేయించి బానెట్ మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ వేయించడంలో తప్పేమీ లేదు. ఇంటికొచ్చాక పొడిగుడ్డతో గట్టిగా రుద్దడమే తప్పు. నీళ్లు ధారగా పోసి, షాంపూ నురగతో మెత్తగా తీయండి. కొబ్బరి నీళ్లు చిందితే అప్పుడే కడిగేయండి.

డెలివరీకి ముందు రోజు షోరూమ్‌కు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి: ‘మా కారు కడగొద్దు, తుడవొద్దు, పాలిష్ పెట్టొద్దు, దుమ్ముతోనే ఇవ్వండి’. కొత్త కారు మీద మొదటి గీతలు చాలావరకు ఆ డెలివరీ వాష్‌లోనే పడతాయి.