ఏనుగులొచ్చిన కాలం

మంటలోకి ఇంకో రెండు పుల్లలు ఎగదోయండ్రా, చెప్తా. మా చిన్నప్పుడు ఏనుగంటే తిరుపతి బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందర నడిచేది, లేకుంటే సర్కస్‌లో ఆడేది. మన కౌండిన్య అడివిలో మేం చూసినవి ఎలుగొడ్లు, అడివి పందులు, దుప్పులు, నెమిళ్లు. ఆంధ్రాలో అడివేనుగు కంటబడి రెండు వందల ఏండ్లయిందని చదువుకున్నోళ్లు చెప్తా ఉంటే, సరేలే అనుకునేవాళ్లం.

1980ల మొదట్లో కుప్పం పక్కనించి కబురొచ్చింది, హోసూరు అడివిలోనించి గుంపు దిగిందని. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే మూల కదా. తమిళనాడు పక్కా కర్ణాటక పక్కా అడువులు తగ్గిపోయినాయి, కరువు పట్టింది, అవి నీళ్లు వెతుక్కుంటా ఇట్టా వచ్చినాయి. ఈడ కౌండిన్య ఏరు, కైగల్లు ఏరు, వెదురు పొదలు కనిపించినాయి. నిలబడిపోయినాయి.

మొదట్లో మనోళ్లకు భయం కంటే భక్తే ఎక్కువ. వినాయకుడే నడిచొచ్చినాడని అడుగుజాడల్లో పసుపు కుంకుమ చల్లి టెంకాయ కొట్టినారు ఆడోళ్లు. మా చిన్నాయన చెరుకుతోట ఒక్క రాత్రిలో పోయిందాకా ఆ భక్తి నడిచింది. రాగి కంకి పాలు పట్టే వేళకు ఏనుక్కి వాసన ఎట్టా తెలుస్తాదో గానీ, ఆ వారంలోనే వస్తాది. ఇంక మామిడి కొమ్మలు, అరటి బోదెలు, డ్రిప్పు పైపులు... ఏది వదిలింది చెప్పు? డప్పులు కొట్టినాం, దివిటీలు పట్టినాం, టపాకాయలు కాల్చినాం. కొన్నాళ్లకు టపాకాయ శబ్దానికి చెవి కూడా ఆడించేది కాదు.

అట్టాంటప్పుడు 1990 డిసెంబరులో ఆ అడివిని అభయారణ్యం అన్నారు. ఏటి పేరే పెట్టినారు, కౌండిన్య. 357 చదరపు కిలోమీటర్లు. అప్పటికి ఆంధ్రాలో అడివేనుగులుండే అభయారణ్యం అదొక్కటే. వన్యప్రాణుల చట్టం 1972లోనే ఢిల్లీలో చేసినారంట. ఆ సంగతి మా ఊరికి తెలిసేదానికి ఏనుగులు రావాల్సొచ్చింది! అంతకు ముందు కుందేటికి వల వేస్తే తప్పని మాకెవురు చెప్పినారు? కట్టెలకు పొయ్యే ఆడోళ్లు, మేకలు తోలుకునేవాళ్లు బాగా ఇబ్బంది పడినారు. అది నేను కాదనను.

ఆ అడివి పొడుగే గానీ వెడల్పు లేదురా. ఎటు నడిచినా కాసేపటికి ఎవురిదో ఒకరి చేను తగుల్తాది. పటంలో గీత గీసినోళ్లకు అది కనిపించినా, ఏనుక్కి కనిపించదు కదా. కందకం తవ్వితే గట్టు తొక్కి పూడ్చి దాటుతాది. సోలార్ కంచె కడితే మాను పడదోసి కమ్మీ తెంపుతాది. మన పక్క మనుషులు పోయినారు, ఏనుగులూ పోయినాయి. పందుల కోసమని చేను చుట్టూ కరెంటు తీగ లాగేవాళ్లుండారే, వాళ్లను మాత్రం నేను సమర్థించను. ఆ తీగకు పందే తగలాలని రాసుంటాదా? ఏనుగు పడొచ్చు, ఆవు పడొచ్చు, రాత్రి నీళ్లు కట్టబోయిన మనిషి పడొచ్చు. ఏనుగు చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉండాది. చంపితే మూడేండ్లకు తక్కువ కాకుండా ఏడేండ్ల దాకా జైలు.

ఏనుగును కాపాడాలన్నది నాకు సమ్మతమే. అయితే దాని మేత ఖర్చు అడివి అంచున ఎకరా రెండెకరాలున్న రైతు నెత్తినే పడితే అది న్యాయం కాదు. పంట పోయిన నెలలోనే పరిహారం చేతికందాల. మళ్లీ పంట వేసినాక వచ్చే డబ్బులు అప్పుల వడ్డీకే చాలవు.

2025 మే నెలలో కర్ణాటకోళ్లు నాలుగు కుంకీ ఏనుగుల్ని మనకిచ్చినారు. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి చోటు కట్టినారు. మనిషి చెప్పినట్టు వినే ఏనుగుతో అడివేనుగును మళ్లించేది తమిళనాడులో, కర్ణాటకలో పాత పద్ధతే. మనకు నలబై ఏండ్లు ఆలస్యంగా వచ్చింది, అంతే.

మీకు చెప్పేది ఒకటే. గుంపు కనిపిస్తే సెల్‌ఫోన్ పట్టుకోని దగ్గరకు పోబాకండి. ఫారెస్టోళ్లకు ఫోన్ చెయ్యండి, పక్క చేనోళ్లను లేపండి. ఎవురన్నా కంచెకు కరెంటు లాగుతా ఉంటే, సొంత మామైనా సరే, ఆపండి.