స్టేషన్లు గల రోడ్డు

బెజవాడ నుండి కటకం వరకు ఈస్ట్ కోస్టు రైలుమార్గం 1893–1896 మధ్య పడినది. అది విజయనగరానికి వచ్చినది గాని శ్రీకాకుళానికి రాలేదు. ఆముదాలవలసలో దిగి పది కిలోమీటర్లకు పైగా రోడ్డున పోవలెను. ఆ స్టేషనుకు ‘శ్రీకాకుళం రోడ్’ అనే పేరు అందుకే. ఎన్ని పల్లెల పక్కగా పోయినా రైలును చేయెత్తి ఆపలేము, స్టేషనుకు పోయి ఎక్కవలసినదే. ప్రయాణికునికి విసుగైన ఈ నిర్బంధమే రైలు వేగానికి ఒక ముఖ్య కారణం.

మామూలు రోడ్డు తీరు వేరు. ప్రతి వాకిలీ, ప్రతి సందూ దానిలోకే తెరుచుకుంటవి. దూరపు లారీకీ, సంతకు పోయే బండికీ, బడిపిల్లలకూ అదే దారి. రెండు రోడ్లు కలిసే నాలుగు దిక్కుల కూడలిలో బండ్ల దారులు తగులుకొనే స్థానాలు 32: ఒకదానినొకటి అడ్డంగా కోసుకొనేవి 16, కలిసేవి 8, విడిపోయేవి 8. విద్యార్థులు కాగితం మీద గీసి లెక్కను సరిచూడవచ్చును. ఎక్కువ ప్రమాదం ఆ పదహారింటి వద్దనే. ఒక రోడ్డును వంతెన మీదుగా పంపి, ఎక్కేవారికీ దిగేవారికీ తగిన వాలుదారులు వేస్తే ఆ పదహారూ మాయమవుతవి.

ఇటలీలో 1924లో మిలాన్ నుండి వరేసేకు వేసిన మోటారు రోడ్డు ఈ పద్ధతికి తొలి ఉదాహరణలలో ఒకటి. తరువాత ఇటువంటి రోడ్లనే నగరాల చుట్టూ వలయంగా వేసినారు. నగరంతో పనిలేని లారీ నడిబజారు తొక్కకుండా పోవుటకే ఈ ఏర్పాటు. హైదరాబాదు బాహ్యవలయం పొడవు 158 కిలోమీటర్లు. తొలి భాగం 2008లో, చివరిది 2018లో తెరవబడినవి. అది సరియైన వృత్తమే అనుకొందము. అడ్డంగా పోతే దూరం సుమారు 50 కిలోమీటర్లు, సగం చుట్టితే 79. నగరంలో గంటకు 25 కిలోమీటర్ల వేగాన రెండు గంటలు పట్టును. వలయం మీద 100 వేగాన 48 నిమిషాలు చాలును. చుట్టుదారే దగ్గరదారి అయినది! అయితే ఇది శాశ్వత ఔషధం కాదు. 1986లో పూర్తయిన లండన్ వలయం కొద్ది ఏళ్ళకే కిక్కిరిసి, వెడల్పు చేయవలసి వచ్చినది.

రాయపూరు నుండి విజయనగరానికి రైలుమార్గం 1931లో పూర్తయినది. విశాఖ రేవు 1933లో తెరవబడినది. ఆ రాయపూరు నుండే విశాఖకు, విజయనగరం జిల్లా మీదుగా, ఆరు వరుసల పరిమిత ప్రవేశ రహదారికి సంబంధించిన ఆంధ్ర భాగానికి 2022 నవంబరులో శంకుస్థాపన జరిగినది. ఇది వలయం కాదు గాని సూత్రం అదే. లారీకి మేలు స్పష్టమే. ఇల్లు ఒక పక్కా, పొలం మరొక పక్కా పడిన రైతు సంగతి వేరు. గడ్డిబండి పట్టే ఎత్తుతో, వానకాలంలో నీరు నిలవని కిందిదారి అతనికి దగ్గరలో ఉండవలెను. లేనిచోట ఎదురుగా కనిపించే తన చేనికి కిలోమీటర్ల కొద్దీ చుట్టి పోవలసివచ్చును.