టీవీ సిగ్నల్ పట్టించడం: బూర్గంపాడు ఇళ్ళలో

టీవీ బొమ్మ సరిగా రానప్పుడు లోపం ఎక్కడుందో కనిపెట్టి సరిచేయడాన్ని జనం వాడుకలో ‘సిగ్నల్ పట్టించడం’ అంటారు. గోదావరి గట్టున, అటు అడవి, ఇటు సారపాక కాగితం మిల్లు ఉన్న బూర్గంపాడులో ఈ పని రెండు కాలాల్లో రెండు రకాలుగా సాగింది. ఒకప్పుడు అడ్డం దూరాన ఉండేది. ఇప్పుడు ఇంటి మీదే ఉంటోంది.

దూరదర్శన్ హైదరాబాదు కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రసారాలు మొదలుపెట్టింది. ఆ తరంగాలు ఇంచుమించు చూపు మేరకే సాగుతాయి కాబట్టి భూమి వంపునూ గుట్టల్నీ దాటి ఊరికి దగ్గర్లోని భద్రాచలం అడవుల దాకా రాలేవు. 1984లో దేశమంతటా చిన్న రిలే కేంద్రాలు వేగంగా పెరిగాక పల్లెలకు టీవీ దగ్గరైంది. వెదురు బొంగుకు అల్యూమినియం యాంటెన్నా కట్టి ఒకరు పైన తిప్పేవారు, కింద ఒకరు ‘వచ్చింది, వచ్చింది... పోయింది’ అని కేకేసేవారు. గుట్టకు తగిలి ఆలస్యంగా వచ్చిన తరంగం మనిషి పక్కన మరో నీడమనిషిని నిలబెట్టేది. బలం తగ్గితే తెర నిండా చుక్కలు. అయినా కథ అర్థమయ్యేది, అదే ఆ పాత పద్ధతిలో ఉన్న దయ. 2022 నాటికి దూరదర్శన్ కొద్దిచోట్ల తప్ప ఆ రిలే కేంద్రాల ట్రాన్స్‌మిటర్లను ఆపేసింది.

ఇప్పుడు ఇళ్ళ మీదున్న డిష్‌కు అంత దయ లేదు. డిజిటల్ సంకేతం బాగుంటే బొమ్మ అద్దంలా ఉంటుంది, ఓ మెట్టు దిగితే గళ్ళుగళ్ళుగా విడిపోతుంది, ఇంకొంచెం దిగితే తెర నల్లబడుతుంది. మధ్యలో చుక్కలతో సర్దుకుపోయే అవకాశమే లేదు.

నెలవారీ చందా లేని డీడీ ఫ్రీ డిష్ 2004 డిసెంబరులో ‘డీడీ డైరెక్ట్ ప్లస్’ పేరుతో మొదలైంది. ఇప్పుడది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న జీశాట్-15 నుంచి వస్తోంది. 2014లో బూర్గంపాడు మండలంలోని కొన్ని ఊళ్ళు పోలవరం ప్రాజెక్టు ముంపు లెక్కలో తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళిపోయాయి. డిష్‌కు ఆ సరిహద్దు గీత పట్టదు, దూరదర్శన్ తెలంగాణ ఛానల్ యాదగిరి, ఆంధ్ర ఛానల్ సప్తగిరి రెండూ రెండువైపులా వస్తాయి.

బూర్గంపాడు నుంచి లెక్క కడితే ఆ ఉపగ్రహం దక్షిణం నుంచి తూర్పుకు 36 డిగ్రీల పక్కన, నేల నుంచి 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అంటే దూరపు గుట్టలు అడ్డమే కావు. డిష్ కంటే పది మీటర్లు ఎత్తైన చెట్టయినా ఐదు మీటర్ల లోపు ఉంటేనే అడ్డం. వేసవిలో ఆకు రాల్చి, తొలకరికి చిగిర్చే చెట్టు పక్కనుంటే జూన్ నుంచి బొమ్మ చెడుతుంది, అప్పుడు పని కొమ్మ నరికేవాడిదే. డిష్ ముఖం అంత ఎత్తుకు చూస్తున్నట్టు కనిపించదు. కిరణం పళ్ళెం మధ్య నుంచి కాక ఏటవాలుగా ప్రతిఫలించేలా దాన్ని మలుస్తారు. అరవై సెంటీమీటర్ల డిష్ ఒకటిన్నర డిగ్రీ పక్కకు జరిగితే అందే శక్తి దాదాపు సగమవుతుంది. ఆ మాత్రం జరపడానికి గోడెక్కిన కోతి చాలు. దిక్కు చూసుకోవడానికి ఫోన్‌లోని దిక్సూచి పనికొస్తుంది కానీ, ఇనుప రేకుల కప్పు మీద అది అబద్ధం చెబుతుంది.

సెట్‌టాప్ బాక్స్ మెనూలో రెండు గీతలు కనిపిస్తాయి. ‘స్ట్రెంత్’ పక్క ఉపగ్రహానిదైనా నిండుగా ఉండొచ్చు. నమ్మాల్సింది ‘క్వాలిటీ’ని. గుండె చప్పుడు వినే పద్ధతిలో డిష్‌ను వెంట్రుకవాసి జరిపి, రెండు మూడు సెకన్లు ఆగి, గీత చూసి, మళ్ళీ జరపాలి. ఆత్రపడి తిప్పేవాడు శిఖరాన్ని దాటేసి పోతాడు.

నిలువు, అడ్డ తరంగాలు రెండూ వాడే సేవల్లో సగం ఛానళ్ళు వచ్చి సగం రాకపోతే ముందే డిష్ జోలికి పోనక్కర్లేదు. డిష్ ముందు ఉండి సంకేతం అందుకునే ఎల్ఎన్‌బీకి బాక్స్, బొమ్మ వచ్చే తీగలోనే 13 వోల్టులో 18 వోల్టులో పంపి, నిలువు తరంగాలు కావాలా అడ్డ తరంగాలా అని చెబుతుంది. కనెక్టర్ చిలుము పట్టినా, తీగ మరీ పొడవైనా 18 కాస్తా తగ్గిపోతుంది, ఒక జట్టు ఛానళ్ళు మాయమవుతాయి. కనెక్టర్ విప్పి చూస్తే మధ్య రాగి నల్లబడో, చుట్టూ ఉండే లోహపు అల్లిక పోగు ఒకటి దానికి తగులుతూనో కనబడుతుంది. కొస కత్తిరించి కొత్త కనెక్టర్ బిగిస్తే పని ముగుస్తుంది.

తీగలో నీళ్ళు దిగితే మాత్రం ఆరబెట్టి లాభం లేదు, లోపలి నురుగు తడిని పట్టి ఉంచుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరి బూర్గంపాడును ముంచెత్తింది. అలా మునిగిన తీగను మార్చడమే దారి. మామూలు వానకు చిన్న ఉపాయం ఒకటుంది: గోడలో దూరే ముందు తీగను కిందికి ఓ వంపు వేలాడదీస్తే నీళ్ళు అక్కడే కారిపోతాయి. ఉరుములప్పుడు కప్పెక్కకూడదని, కరెంటు తీగలకు దగ్గరగా ఇనుప పైపు ఎత్తకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

కుండపోతగా కురుస్తున్నప్పుడు బొమ్మ పోవడం లోపం కాదు, రెండున్నర సెంటీమీటర్ల ఆ తరంగాన్ని వాన చినుకులే మింగేస్తాయి. మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదట్లో కొన్ని రోజులు ఫ్రీ డిష్ ఉన్న ఇళ్ళలో మరో వింత జరుగుతుంది: పొద్దున పదకొండు ప్రాంతాల సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి కొన్ని నిమిషాలు డిష్‌ను రొదతో నింపేస్తాడు. ఆ కాసేపు ఓపిక పట్టక బోల్టు వదులు చేసినవారికి సాయంత్రం దాకా డిష్ తిప్పడమే పని.