అజినం

మా గిద్దలూరు ఇంటి పూజగదిలో తాతగారి జపాసనంగా ఒక కృష్ణాజినం ఉండేది. 1960ల చివరి మాట. గిద్దలూరు, మార్కాపురం అప్పటికింకా కర్నూలు జిల్లాలోనివే; 1970లో గాని ఒంగోలు జిల్లాలో చేరలేదు. ఒక వానకాలం ఆ తోలు వెంట్రుకలు కుచ్చులుగా రాలి, పురుగు పట్టింది. పెరట్లో పూడ్చవలసి వచ్చింది. "వాడు ఉప్పు తక్కువ వేశాడు" అని తాతగారు తోలు పదునుచేసిన మనిషిని తప్పుపట్టారు. చాలా ఏండ్లు నేనూ అదే నమ్మాను.

అమరకోశంలో అజినం, చర్మం, కృత్తి పర్యాయపదాలు. కృత్తిని ధరించినవాడు గనుక శివుడు కృత్తివాసుడు. శ్రీశైలానికి తూర్పు ద్వారమైన త్రిపురాంతకం మా సీమలోనిదే. కాని నిఘంటువు ఒకటిగా చూపిన తోలు, పనివాని చేతిలో మూడు దారులు పడుతుంది.

మొదటిది ఆసనం. వెంట్రుక నిలవాలి గనుక సున్నం తగలరాదు. లోపలి మాంసపు పొర గీకి, ఉప్పూ పటికా పట్టించి, నీడన ఆరబెట్టాలి. ఉప్పు నీటిని లాగివేసి కుళ్ళు పుట్టనీయదు.

రెండవది చెప్పు. సున్నపు నీళ్ళలో వెంట్రుక వదిలించి, తంగేడు చెక్క నానిన నీళ్ళలో రోజుల తరబడి ఊరవేయాలి. చెక్కలోని వగరు తోలు పోగులను పట్టుకొని వదలదు. ఆ తోలు వెలుతురుకు ఎర్రబారకుండా చివర కరక్కాయ పట్టిస్తారు.

మూడవది తోలుబొమ్మ. తోలు గుండా దీపపు వెలుగు ప్రసరించాలి. కనుక తంగేడు పనికిరాదు. పలుచగా గీకి ఎండబెట్టిన పచ్చితోలే కావాలి. పూర్వం దేవతల బొమ్మలకు జింకతోలు, భీమ రావణులకు గట్టిదైన దుప్పితోలు, తక్కిన పాత్రలకు మేకతోలు వాడేవారు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. క్రమంగా బొమ్మలన్నిటికీ మేకతోలే గతి అయింది. ఇండ్లలో మిగిలిన పాత తోళ్ళను ప్రకటించుకోవడానికి 2003 ఏప్రిల్ 18 నుండి 180 రోజుల గడువిచ్చారు. కృష్ణజింక బ్రతికితే చాలు. ఆసనం పోయినందుకు నాకు విచారం లేదు.

విచారం వేరొకటి ఉన్నది. పటిక పదును తంగేడు పదును వంటిది కాదు, నీటికి నిలువదు. తడిసిన కొద్దీ పటిక కరిగిపోయి, తోలు మళ్ళీ పచ్చితోలవుతుంది. మా ఇంట ఆ అజినానికి ప్రతి ఉదయం మడినీళ్ళతో సంప్రోక్షణ జరిగేది. ఏండ్ల తరబడి శుద్ధి పేర మేమే దానిని పాడుచేసుకున్నాము. ఉప్పు తక్కువై ఉంటే మొదటి నెలలోనే కుళ్ళేది. అది తాతగారి యౌవనం నుండి ఉన్నది!

దానిని సిద్ధం చేసినవారు మాదిగవాడలోని ఒక పెద్దాయన. అడిగి ఉంటే నీళ్ళు చల్లవద్దని ఆయనే చెప్పేవారు. అడగలేదు. ఆయన చేతి తోలు పూజగదిలో ఉన్నది. ఆయనకు మాత్రం మా వీధి గడప దాటే వీలు లేదు.