చక్రం మీద లేచిన ప్రభ

కోటప్పకొండ ప్రభల మీద ఏటా మహాశివరాత్రికి అచ్చయ్యే వ్యాసాలు ఇంచుమించు ఒకే మాట చెబుతాయి. ప్రభ అంటే వెలుగు. ఒకప్పుడు దివిటీల వెలుగు, తర్వాత పెట్రోమాక్స్ దీపాల వెలుగు. ఊళ్లకు కరెంటు వచ్చాక ఆ వెలుగు ఎనభై, తొంభై అడుగులకు పెరిగింది. వినడానికి వరుస కుదిరినట్టే ఉంటుంది. కట్టిన ప్రభ పక్కన నిలబడి చూస్తే మాత్రం కుదరదు. బల్బు ప్రభను నిలబెట్టదు, దాని మీద బరువు పెంచుతుంది. ప్రభను నిలబెట్టేవి అడుగున బండి, నిలువునా కర్రలు, అడ్డంగా వెదురు బద్దలు, నాలుగు దిక్కులా మోకులు పట్టి లాగే మనుషులు. ఎత్తు ఎలా పెరిగిందో తెలియాలంటే ముందు వీటి సంగతి అడగాలి, దీపాల సంగతి తర్వాత.

కొండ పురాణం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కొండ మీది స్వామి త్రికూటేశ్వరుడు, బ్రహ్మ విష్ణు రుద్ర శిఖరాలు, భక్తురాలు ఆనందవల్లి కథ, కోటిన్నొక్క ప్రభలు కడితే స్వామి కొండ దిగి వస్తాడన్న మాట పల్నాట అందరికీ తెలిసినవే. ప్రభ రూపం ఎక్కడి నుంచి వచ్చిందన్న దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగాలి. ప్రభకు ముఖమే ఉంటుంది, వీపు ఉండదు. ముందు వైపు రంగు కాగితం, గుడ్డ, దేవుడి పటం. వెనక్కి వెళితే బోడి వెదురు, తాళ్ల ముడులు. గుడిలో విగ్రహం వెనక నిలిపే ప్రభావళి తీరు కూడా ఇదే. వీరభద్ర ప్రభను మోసే ఊళ్లలోనూ ఇదే రూపం చిన్నదిగా కనిపిస్తుంది. కాబట్టి ప్రభను దీపస్తంభంగా కాక, గుడి గడప దాటి వీధిలోకి వచ్చిన ప్రభావళిగా చూడడమే నాకు సబబనిపిస్తుంది.

ఇక అసలు ప్రశ్న. ఈ రూపం కోటప్పకొండ దగ్గర ఇంతగా పెరిగి, మరోచోట ఎందుకు పెరగలేదు? కోనసీమలో సంక్రాంతి నాళ్లలో జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల ప్రభలు వస్తాయి. అక్కడ నీటికీ డబ్బుకూ చాలాకాలంగా కొదవ లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికే పూర్తయింది. కరెంటూ ఉంది. అయినా ఆ ప్రభ మనిషి భుజాన్ని దాటి పోలేదు. నాట్లు పడిన చేలో నుంచి, కౌశిక ఏటి నీళ్లలో నుంచి దాన్ని మోసుకురావాలి. అక్కడ చక్రం దిగితే కూరుకుపోతుంది. భుజం ఎంత మోయగలదో ప్రభ అంతే. కోటప్పకొండ చుట్టూ నల్లరేగడి. మాఘం చివరికి నేల ఎండి గట్టిపడుతుంది, చాలా పంటలు ఇళ్లకు చేరి ఉంటాయి. అక్కడ బండి నడుస్తుంది. పైగా ప్రభ కొండ ఎక్కదు, దిగువనే నిలుస్తుంది. చక్రం ఉంది, ఎక్కాల్సిన మెట్టు లేదు. కరెంటు రాకముందే ఇక్కడి ప్రభ ఎత్తు పెరగడానికి దారి తెరిచి ఉందని నేననేది ఇందుకే. 1909 ఫిబ్రవరిలో తిరునాళ్లలో పోలీసులతో జరిగిన ఘర్షణ, ఆ కేసులో చేబ్రోలు చిన్నపరెడ్డికి ఉరి పడడం మనకు తెలిసిందే. జనం చెప్పుకునే ఆ కథ నడిచేది కూడా బండ్ల చుట్టూ, ఎడ్ల చుట్టూనే.

చక్రం మొదటి నుంచీ ఉంటే ఎత్తు ఈ మధ్యే ఎందుకు పెరిగిందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చక్రం వీలు కల్పించింది, పెంచింది నాగార్జునసాగర్ కాలువ. 1967లో కుడి కాలువకు నీళ్లు వదిలాక నరసరావుపేట, చిలకలూరిపేట వైపు పత్తి, మిరప డబ్బు ఊళ్లోకి వచ్చింది. ఆ వెనకే ట్రాక్టరూ వచ్చింది. పొగాకు డబ్బు అంతకుముందే ఉంది కాబట్టి అంతా కాలువ పుణ్యమే అనడం అతి అవుతుంది. కానీ పొగాకు కాలంలో లాగింది ఎద్దు, ఎద్దు బలానికి హద్దు ఉంది. ట్రాక్టర్ ఆ హద్దు చెరిపేసింది. పురుషోత్తమపట్నం, కావూరు, మద్దిరాల లాంటి ఊళ్లు ఒకదాని మీద ఒకటి పోటీగా కట్టింది ఆ తర్వాతే. జనరేటర్ కూడా ట్రాక్టర్ ఉంది కనకనే వెంట నడవగలిగింది. కరెంటే ఎత్తుకు కారణమైతే ప్రభ వచ్చే దారిలో కరెంటు వాళ్లు లైను ఆపి తీగలు దించే పని ఉండేది కాదు. ఆ తీగలు ప్రభకు అడ్డం, ఆసరా కాదు.

నేటి ప్రభను చూసి మురిసిపోలేకపోవడానికి కారణం ఎత్తు కాదు, చేతిపని తగ్గడం. చట్రం ఏ ఊరిదైనా ఒకటే. దాన్ని ఫలానా ఊరి ప్రభగా చేసేది మీద పడే చిన్న పని: మైదాపిండి జిగురుతో అంటించిన రంగు కాగితం, కత్తెరతో ఒక్కొక్కటే కోసిన పువ్వు, అంచున కుట్టిన జాలరు. బ్రిటన్‌లో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1950లలో స్పిట్‌ఫైర్ విమానం బొమ్మ కిట్ అమ్మినప్పటి నుంచి చిన్న విమానాలు కట్టేవాళ్లకు ఈ సంగతి తెలుసు. పెట్టెలో వచ్చిన ముక్కలు అతికిస్తే అందరి విమానమూ ఒకటే. పైలట్ సీటు పట్టీ, చక్రాల గూట్లోని గొట్టం సన్నటి తీగతో, ప్లాస్టిక్ రేకుతో సొంతంగా చేసి పెడితేనే అది ఆ మనిషిది. ఎల్‌ఈడీ పలకలు ఆ పెట్టెలో ముక్కల లాంటివి. అద్దెకు తెస్తారు, బిగిస్తారు, తెల్లారి విప్పుతారు. రెండు ఊళ్ల ప్రభలకు తేడా పైన వెలిగే పేరు ఒక్కటే అవుతోంది. పలకలు లేకపోతే రాత్రి జనం చూడరని కట్టేవాళ్లు అంటారు. నిజమే కావచ్చు. కానీ పలకను ముఖమంతా పరవనక్కర్లేదు, అంచులకు వదిలి నడుమ భాగాన్ని కాగితానికి ఉంచవచ్చు. ఆ పని మరిచిపోయిన వాళ్లకు చూపించే వాళ్లు ఇంకా ఉన్నారు. పెద్ద ప్రభల పక్కన పిల్లలు తెచ్చే చిన్న ప్రభల మీద వెదురు పుల్లలకు చుట్టిన దారం, పతంగి కాగితం మడతపెట్టి కోస్తే ఒకేసారి విచ్చుకున్న ఎనిమిది రేకుల పువ్వు, దాని చుట్టూ వేలితో నొక్కిన జిగురు మరకతో సహా, కనిపిస్తాయి.