మారథాన్: ఆహారం, శ్వాస

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. పరుగుకు శక్తి ప్రధానంగా కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నుంచి, కొవ్వు నుంచి అందుతుంది. గ్లైకోజెన్ అడుగంటితే, తరచుగా 30 కిలోమీటర్లు దాటాక, కాళ్లు బరువెక్కి వేగం పడిపోతుంది.

ఆహారం: పరుగులో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలను జెల్, అరటిపండు, పానీయాల రూపంలో తీసుకుంటారు. గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లను పేగులు వేర్వేరు దారుల్లో గ్రహిస్తాయి కాబట్టి, రెండూ కలిపితే 90 గ్రాముల వరకు ఒంటబడతాయి. నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం తగ్గి ప్రాణాపాయం కలగవచ్చు.

శ్వాస: ఛాతీ పైభాగంతో కాక, పొట్ట ఉబ్బేలా లోతుగా పీలుస్తారు. రెండడుగులకు పీల్చి, రెండడుగులకు వదలడం చాలామంది పాటించే లయ. వేగం పెరిగితే నోటితోనూ పీల్చాల్సిందే. పూర్తి వాక్యం పలకలేనంత ఆయాసం వస్తే దూరపు పరుగుకు ఆ వేగం ఎక్కువైనట్టే.

ఏ ఆహారాన్నైనా సాధనలో అలవాటు చేసుకున్నాకే పోటీలో వాడాలి.